ఆ 'అట' ఎవరు?

శనివారం సాయంత్రాలు యూనివర్సిటీ లైబ్రరీ మెట్ల మీద కూసొని ఫోన్ల గురించి, వార్తల గురించి మాట్లాడుకునేటోళ్లం. ఎవరు పిలిచిన్రో ఏమో, ఒక అన్న కూడా వచ్చేటోడు. ఏ డిపార్ట్‌మెంట్ అని అడిగితే నవ్వి ఊరుకునేటోడు. ఆ నవ్వు నాకస్సలు నచ్చేది కాదు.

మా మాటల్ల 'అట' వినబడితే చాలు, ఆయన చూపుడు వేలు లేచేది.

"ఇగ టీవీల వార్తలన్నీ ఏఐనే చదువుతదట," అంటది నా రూమ్మేట్.

"ఆ అట ఎవరు?"

నీకెవరు పంపిన్రు, వాళ్లకెవరు పంపిన్రు అని వెనక్కి వెనక్కి తీస్కపోయేటోడు. చివరికి ఎవరికీ తెల్వదని తేలేది. ఏ క్లాసుల గూడ నేర్పని చూపు అది. నిజమే. కానీ గిన్ని పేర్లు ఈయనకెందుకు?

ఒకరోజు రూమ్మేట్ నా చెవిల చెప్పింది: "ఆయన పోలీసోళ్ల మనిషట."

వారం తిరిగేసరికి ఆ మాట అందరికీ పాకింది. శనివారం మెట్ల మీద అందరం ఫోన్లల్ల తలలు పెట్టి కూసున్నం. నేనే ఉండబట్టలేక అనేసిన.

"అన్నా, నువ్వు పోలీసోళ్ల మనిషివట."

వేలు లేచింది. "ఆ అట ఎవరు?"

నేను రూమ్మేట్ దిక్కు చూసిన, ఆమె పక్కామె దిక్కు చూసింది. ఆయన పకపకా నవ్విండు.

"నేనే! గా ముచ్చట పుట్టిచ్చింది నేనే. ఎవరన్న అడుగుతరేమో చూద్దామని. ఒక్కరు గూడ అడగలే."

అందరం నవ్వినం. నా గుండెల మీది బరువు దిగింది.

తార్నాకల బస్సు కోసం నిలబడ్డంక తట్టింది: ఇది చెప్పింది కూడా ఆయనే కదా.