పుకట్ సాఫ్ట్‌వేరూ మా మామ బయోడేటా

కంప్యూటరు ఇంటికొస్తే అందులో అన్నీ ఉండే ఉంటాయని నమ్మిన రోజులవి. నేనప్పుడు సిద్దిపేటలో డిగ్రీ చదువుతున్నాను. హైదరాబాదులో ఏదో ఆఫీసు ఎత్తేస్తూ పాత సామాను అమ్ముతుంటే మా బాపు ఒక కంప్యూటరు తెచ్చి, మగ్గం ఉన్న గదిలోనే ఓ మూలన పెట్టించాడు. ఆయన చీర నేస్తుంటే ఆ దెబ్బలకు తెర సన్నగా ఊగేది. ఊగే తెర మీద తెల్లటి పేజీ ఒకటి తెరుచుకుని, నా పేరు టైపు చేసుకుని, దాన్ని పెద్దది చేసి, వంకర తిప్పి, రంగులద్ది, గంటలకొద్దీ చూస్తూ కూర్చునేదాన్ని. ఏం రాయాలో తెలియదు గానీ, ఏదో గొప్పది రాయబోతున్నానని మాత్రం గట్టిగా తెలుసు. (అమ్మానాన్నలను మేం అవ్వా బాపూ అంటాం. అవ్వ లెక్కలో నేను చదువుకుంటున్నట్టే.)

ఒకరోజు పేజీ తెరుచుకుంది గానీ అక్షరం పడలేదు. ఉచితంగా వాడుకునే గడువు అయిపోయిందనీ, ఇక కొనుక్కోవాలనీ పైన ఎర్రటి పట్టీ. అంతవరకూ రాసినవి చదువుకోవచ్చు, కొత్తవి రాయకూడదు. బాపు మగ్గం ఆపి వచ్చి తెరను కిందా మీదా చూశాడు. "డబ్బా మనదాయె, మీటలు మనయాయె. అండ్ల పడే అక్షరాలు ఇంకెవలియి?" అన్నాడు. అవ్వ ఇంకా నొచ్చుకుంది. "అంటే గిన్నొద్దులు గది మనింట్ల కిరాయికున్నదా?"

సరిగ్గా అప్పుడే మా మామ దిగాడు. అవ్వకు తమ్ముడు, నారాయణరావుపేటలో మోటార్లకు వైండింగ్ చేసే షాపు. మనిషి బంగారం, కాకపోతే అప్పటికే చాలా సంబంధాలు చాయ్ దగ్గరే ఆగిపోయాయి. ఈసారి నంగునూరు సంబంధం. అమ్మాయి బడిలో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. ముందు బయోడేటా మెయిల్లో పంపమన్నారట. "మా కోడలు పిల్ల ఇంట్లనే చేస్తది, ఎంతసేపు అని చెప్పొచ్చిన బిడ్డా" అన్నాడు మామ గర్వంగా. ఎర్ర పట్టీ చూపించాను. బయట చేయించుకో మామా అంటే ఒప్పుకోడు. "బజార్ల చేపిస్తే నా కథ ఊరంత చదువుతది. మల్ల ఈ పిల్ల సుత వద్దంటే మొకం యాడ పెట్టుకోవాలె?" నవ్వుతూనే అన్నాడు గానీ, కళ్లు నవ్వలేదు.

మర్నాడు ఎవరి దగ్గర్నుంచో ఒక సీడీ పట్టుకొచ్చాడు. "పుకట్ గ ఇచ్చిండు, పైస తీస్కోలే" అన్నాడు. అది వేయగానే మాకు కావలసిన, అక్షరాలు రాసుకునే ఆఫీసు సాఫ్ట్‌వేరు రాలేదు గానీ, ఎవరో తెల్లదొరసాని తెర మీదికొచ్చి మేమేదో గెలిచామని నవ్వడం మొదలుపెట్టింది. ఒకామెను మూస్తే ఇంకొకామె. అవ్వ గుమ్మంలోంచి చూసి, "ఎవలు బిడ్డా గామె, పిలువకుంటనే ఇంట్లకొచ్చి గట్ల నవ్వుతది?" అంది. ఆమెను పంపించేందుకు కంప్యూటరు మొత్తం తుడిచేయాల్సి వచ్చింది. నేను రంగులద్దుకున్న నా పేర్లన్నీ కూడా ఆమెతోపాటే వెళ్లిపోయాయి.

అప్పుడు కాలేజీ ల్యాబులో మా మేడం చెప్పింది, దొంగ సీడీలెందుకు, అందరూ ఉచితంగా వాడుకోమని వదిలిన ఆఫీసు సాఫ్ట్‌వేరే ఉందని. ఏ దేశంలోనో ఎవరెవరో కూర్చుని, తలా కొంత రాసి, లోకానికి ఇచ్చేశారట. బాపు నమ్మలేదు. "ఉత్తగ ఎవలిస్తరు? ఏదో మతలబు ఉంటది."

మతలబు ఏమీ లేదు గానీ అది నెట్ లోంచి దిగడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. బయట మబ్బు పట్టి ఉంది. సిగ్నల్ కిటికీ దగ్గరే దొరుకుతుందని మామ నెట్ డాంగిల్ ఉన్న పొడుగు వైరును కిటికీ చువ్వల్లోంచి బయటికి చాపి, దాని మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. తెర మీద నీలిగీత నత్తలా కదులుతోంది. పక్కన మగ్గం లయగా మోగుతోంది. నాకు కళ్లు మూతలు పడుతుంటే, ముఖాలు తెలియని ఆ మనుషులు కనిపించారు. ఒకరి ఊళ్లో మంచు, ఒకరి ఊళ్లో సముద్రం. అందరూ తలా ఒక పోగు పట్టుకుని నేస్తున్నారు, ఆ గుడ్డ మెల్లగా మా కిటికీలోంచి లోపలికి దిగుతోంది. "బిడ్డా, చెయ్యి గుంజుతున్నది, అయ్యిందా?" అన్న మామ కేకకు ఉలిక్కిపడి లేచాను. అయిపోయింది.

ఎడమవైపు ప్రశ్నలు, కుడివైపు జవాబులు, చూడముచ్చటగా పేర్చి మెయిల్లో పంపించాను. సాయంత్రం అమ్మాయి వాళ్ల బాబాయి దగ్గర్నుంచి మామకు ఫోను. "ఎగతాళి చేస్తున్నరా?" అని పెట్టేశాడు. ఏం జరిగిందో తెలియక పంపింది తీసి చూసుకుంటే మా దగ్గర బాగానే ఉంది. మామ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నా కంచంలో మాత్రం తనే కూర వేశాడు. అదే నాకు ఎక్కువ బాధ.

మర్నాడు అమ్మాయే ఫోను చేసింది. మామ ఫోను నా చేతిలో పెట్టాడు.

"గిది టైపు చేసిందెవలు?"

"నేనే అక్కా."

"టేబుల్ గీయలే గదా? ఉత్తగ స్పేస్ కొట్టుకుంట పోయినవు గదా?" అని ఒకటే నవ్వు. వాళ్ల కంప్యూటర్లో తెరిస్తే కుడివైపు జవాబులన్నీ ఒక్కో మెట్టు కిందికి జారాయట. చదివి వినిపించింది. ఎత్తు: డిగ్రీ పాస్. రంగు: అయిదడుగుల ఏడంగుళాలు. వృత్తి: చామనచాయ. తోబుట్టువులు: మోటారు వైండింగ్. చెడు అలవాట్లు: ఇద్దరు అక్కలు.

ఆ ఇద్దరు అక్కల్లో ఒకరు మా అవ్వే. పక్కనే చెవి పెట్టి వింటోంది.

"ఇన్ని బయోడేటాలు చూసిన గని గింత నవ్విచ్చింది లేదు చెల్లే" అంది అమ్మాయి. "మా బాబాయిని నేను ఒప్పిచ్చిన. ఐతారం రాండ్రి. మీ మామ చెడు అలవాట్లను సుత తోలుకరాండ్రి, నేను చూడాలె."

చెడు అలవాట్లిద్దరూ ఆ ఆదివారం పట్టుచీరలు కట్టుకుని మరీ వెళ్లారు. ఈసారి చాయ్ తర్వాత భోజనాల దాకా వచ్చింది.

పెళ్లయ్యాక నేను చాలారోజులు మా వాడకట్టులో తల ఎత్తుకుని, కాస్త నెమ్మదిగా నడిచాను. ఈ పెళ్లి కుదిర్చింది నా కంప్యూటరు తెలివేనా అని ఎవరైనా ఆపి అడుగుతారనీ, అడిగితే కొంచెం బెట్టుచేసి మొత్తం కథ చెప్పాలనీ. ఎవరూ అడగలేదు. అలా అటూ ఇటూ చూసుకుంటూ నడిచిన ఆ పిల్ల ఇప్పుడు ఎదురైతే, నేనైనా ఆపి అడిగేదాన్ని.