పిన్నులు పెట్టని కారు

"ఎవురొచ్చినా కారు ఇయ్యొద్దు. స్టీరింగు నట్లకు ఇంకా పిన్నులు పెట్టలా."

"ఇయ్యనులేయ్యా. రెండు ముద్దలు తిని పో."

"వచ్చి తింటా."

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. పిన్నుల కోసం ఇందుకూరుపేట నుంచి నెల్లూరుకు బస్సెక్కిన మనిషి, వాటిని కొని జేబులో వేసుకుని, బస్టాండులోనే గుండె పట్టుకుని కూలిపోయాడు. శవంతో పాటు ఆ పిన్నులూ ఇంటికొచ్చాయి.

మా ఆయన మెకానిక్కు. ఆ కారు మా ఊరి ఆసామిది, రిపేరుకని మా ఇంటికొచ్చింది. తెల్లదొరల కాలం నాటిది. కుదుపు ఆపే ముందు కమాను కట్టలు విరిగిపోయి, మైపాడు దారిలో గుంత వస్తే లోపలివాళ్ళ తలలు టాపుకు కొట్టుకునేవి. కాలవలో పడి వెనక భాగం నుజ్జయిన వేరే కారొకటి దొరికింది. దాని ముందు చక్రాలను, చుట్టల స్ప్రింగులను, అవి కూర్చునే ఇనప దూలంతో సహా ఊడదీసి దీనికి బిగించాడు మా ఆయన. రెండు బళ్ళ వెడల్పూ ఒకటి కాదు. కమ్మరి చేత పట్టీలు చేయించి అతికించాడు. స్ప్రింగు ఎగిరి తన్నకుండా గడ్డపార మీద బరువంతా వేసి నొక్కి పట్టింది నేను. పాత పిన్నులు తుప్పుపట్టి విరిగాయి. పిన్ను లేకపోతే కుదుపులకు నట్టు ఊడిపోతుంది. స్టీరింగు తిప్పినా చక్రం తిరగదు. ఆ సంగతి నాకు ఆయనే చెప్పాడు.

కర్మ కూడా కాకముందే ఆసామి తమ్ముడు డ్రైవరును వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళింటి పెళ్ళికి పెళ్ళికొడుకును తేవాలట, ముహూర్తం దాటిపోతోందట. చావింట్లో ఉన్న కారు మీద పసుపునీళ్ళు చల్లారు, దాని మైల పోయింది. నన్ను మాత్రం గదిలోకి తోసి తలుపు మూశారు. ఇనుముకు పోయిన మైల మనిషికి పోదా?

ఇంజను చప్పుడు వినగానే తలుపు తోసుకొచ్చి బండి ముందు నిలబడ్డాను.

"శుభమా అని పోతావుంటే ముండమోపి ఎదురొస్తావా?" అన్నాడు ఆసామి తమ్ముడు.

"పిన్నులు లేవు సామీ. ఆపండి."

"మొగుడు పోయి మతి పోయినట్టుండాది. లాగండ్రా పక్కకు!"

"నన్ను ముట్టుకోబాకండి. అన్నా, ముందు ఆ నట్టు తిప్పి చూడు," అన్నాను డ్రైవరుతో.

అతను దిగి కిందకు దూరాడు. "అయ్యా, చేత్తోనే తిరగతా ఉంది," అన్నాడు.

లోపలికి పోయి పిన్నులూ పట్టకారూ తెచ్చాను. కింద పడుకుని నేనే నట్లు బిగించి, పిన్నులు దూర్చి కొనలు వంచాను. లేచి పక్కకు రాగానే నా చెయ్యి పడిన చోటల్లా మళ్ళీ పసుపునీళ్ళు చల్లారు!

కారు పోయింది, పెళ్ళికొడుకు క్షేమంగా దిగాడు. పెళ్ళిలో చెప్పుకున్నదేమిటి? విధవ ఎదురొచ్చినా ఆసామి పుణ్యం కొద్దీ గండం గడిచిందట. మా ఆయన సగం పని చేసి చచ్చాడట. సగంలో వదిలేసేవాడైతే పిన్నుల కోసం నెల్లూరు దాకా పోయి చస్తాడా? ఆసామి ఇంటి పిల్లలు ఇవాళ్టికీ అదే కథ చెప్పుకుంటున్నారు. అందుకే మా తమ్ముడి కూతుర్ని కూర్చోబెట్టి ఇదంతా రాయిస్తున్నాను.

ఏమ్మే, పెద్దింటోళ్ళని మాటలు మెత్తన చేసినావా ఏంది? మొదట్నించి చదువు, ఇంటా.