పూలమ్మ పోసిన నీళ్లు

మా చంపాపేట్ గల్లీలో పుట్టిన పిల్లలెవరూ పూలమ్మ చేతిని తప్పించుకోలేదు. బాలింత దవాఖాన నుంచి రావడమే ఆలస్యం, పీట వేయించుకుని, కాళ్లు చాపి, పిల్లను పిక్కల మీద పడుకోబెట్టుకునేది. నూనె రుద్ది, ముక్కు సాగదీసి, తల గుండ్రంగా ఒత్తి, పిల్ల కేకలు పెడుతుంటే వేడినీళ్లు పోసేది. ఎంత ఏడిస్తే ఊపిరితిత్తులు అంత గట్టిపడతాయని ఆమె సిద్ధాంతం. మా ఇద్దరు పిల్లలకూ ఆమే పోసింది. అడ్డుపడితే నన్ను కసిరేది. నేనూ ఊరుకోలేదనుకోండి.

అలాంటి మనిషి సొంత మనవరాలికి నీళ్లు పోయలేకపోయింది. కూతురు సౌందర్యకు పుట్టిన చంటికి బొడ్డు పైన పొట్ట గోడ సరిగా ఏర్పడలేదు. గుండె కొంత కిందికి దిగి, పలుచటి చర్మం కింద కొట్టుకోవడం పైకే కనిపించేది. గుండెలో రంధ్రం కూడా ఉంది. ఇది చాలా అరుదని, కాస్త బరువు పెరిగాక ఆపరేషన్ చేస్తామని డాక్టర్లు చెప్పారు. అందాకా పొట్ట ఒత్తకూడదు, పిల్లను ఏడవనివ్వకూడదు. ఏడిస్తే పెదాలు నీలంగా మారేవి.

ఏడు నెలలు పూలమ్మ ఆ పిల్లను తడిగుడ్డతో తుడిచింది. చంటి మూతి ముడిస్తే చాలు, భుజాన వేసుకుని గల్లీ అంతా తిరిగేది. వేరే ఇళ్ల నుంచి పిలుపులొచ్చినా వెళ్లలేదు. ఆ నోరున్న మనిషి అంత భయపడటం నేనెప్పుడూ చూడలేదు.

ఆపరేషన్ ఎనిమిది గంటలు పట్టింది. రంధ్రం మూసి, గుండెను లోపలికి సర్ది, పొట్టకు వల లాంటి గుడ్డ కుట్టారు. పిల్లను చూడనిచ్చినప్పుడు పూలమ్మకు పొట్ట మీద గుండె కొట్టుకోవడం కనిపించలేదు. పిల్ల పోయిందనుకుని అక్కడే కూలబడింది. గుండె ఇప్పుడు ఉండాల్సిన చోట ఉందని నర్సు మానిటర్ తెర మీది గీతలు చూపించి నచ్చజెప్పాల్సి వచ్చింది.

కుట్లు మానాయి, ఇక స్నానం చేయించవచ్చని డాక్టర్లు చెప్పిన మర్నాడు సౌందర్య నీళ్లు కాచి నన్నూ తోడు పిలిచింది. పూలమ్మ కాళ్లు చాపి కూర్చుందే కానీ, మచ్చ దాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది.

"నాది మొరటు చెయ్యి బిడ్డా. నువ్వే పొయ్."

"నాకు నువ్వే పోసినవ్ గదనే అమ్మా," అని సౌందర్య చెంబు ఆమె చేతికిచ్చింది.

ఒక్క చెంబు పడిందో లేదో చంటి గుక్కపట్టి ఏడ్చింది. అలవాటు కొద్దీ సౌందర్యా నేనూ చేతులు చాచాం. పూలమ్మ మమ్మల్ని మోచేత్తో నెట్టి, వంగి పిల్ల పెదాలు చూసింది. ఎర్రగానే ఉన్నాయి.

"ఏడ్వనియ్యుండ్రి," అంది కళ్లనీళ్లతో, రెండో చెంబు ముంచుతూ. "కరువుదీర ఏడ్వనియ్యుండ్రి."