వెనక డోరులో దగ్గు

లేబర్ క్యాంపులో దయ్యాల కబుర్లు మొదలైతే నేను ముసుగు తన్ని పడుకునేవాణ్ణి. పొద్దంతా కార్ల సీట్ల కింద దూరి వైర్లు లాగేవాడికి అలాంటివి నమ్మే ఓపిక కూడా ఉండదు. మాది జగిత్యాల దగ్గర పల్లె. బహ్రెయిన్‌లో, జింజ్‌లోని ఒక షాపులో కార్లకు ఆంప్లిఫయర్లు, స్పీకర్లు బిగించడం నా పని.

మొన్నటి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం బుదైయాలోని ఒక ఇంటి నుంచి పెద్ద కారు వచ్చింది. తెచ్చింది ఆ ఇంటి డ్రైవరు రమణ, రాజోలు వైపు మనిషి. ఆ ఇంటి పెద్దాయన ఈమధ్యే పోయాడట. తరవాత కొడుకు ఈ కారులో కొత్త ఆంప్లిఫయరు, స్పీకర్లు పెట్టించాడు. పాట ఆపగానే వెనక డోరులో ఎవరో దగ్గినట్టు వినిపిస్తోందట.

నేనూ విన్నాను. కఫం పట్టిన ముసలి దగ్గు.

ఎర్తు సరిగా లేకపోతే స్పీకర్లలో గోల రావడం మామూలే. ఆంప్లిఫయరు ఎర్తు వైరు ఊడదీసి, కారు బాడీ మీద రంగు గీకి మళ్లీ బిగించాను. దగ్గు పోలేదు. సన్నని శబ్దాన్ని చిన్న స్పీకరుకీ, బరువైనదాన్ని పెద్ద స్పీకరుకీ పంచే క్రాసోవర్ డబ్బా మార్చాను. అయినా అంతే. నడుము పట్టేసింది. విసుగొచ్చి బ్యాటరీ వైరు తీసేసి, డోరులోంచి పెద్ద స్పీకరునే ఊడబెరికాను.

అది నా చేతిలో ఉంది. దానికి ఒక్క వైరూ లేదు. దగ్గింది. దాని నల్ల కాగితం నా వేళ్ల కింద అదిరింది.

"ఏంది రమణా ఇది?" అన్నాను.

రమణ ముఖం పాలిపోయింది. "మా బాబాదే అన్నా, ఆ పెద్దాయనదే. ఆసుపత్రి నుంచి తీసుకొస్తుంటే ఆ సీట్లోనే పోయారు. ఇల్లొచ్చిందా, ఇల్లొచ్చిందా అని దారంతా అడుగుతానే ఉన్నారు. వచ్చేసిందని చెబుదామని వెనక్కి తిరిగేసరికి అయిపోయింది."

అతను తెరిచిన డోరు దగ్గర వంగాడు. ఖాళీ సీటుతో మెల్లగా అన్నాడు: "యల్లా బాబా, పదండి. ఇంటికొచ్చేశాం."

స్పీకరు చెవికి ఆనించుకున్నాను. ఏమీ లేదు. మళ్లీ బిగించి, పాట పెట్టి, ఆపి చూశాం. నిశ్శబ్దం.

"మరి చిన్న కఫీల్‌కి, ఆయన కొడుక్కి, ఏం చెప్పనన్నా?"

"ఎర్తు ఖరాబైందని చెప్పు. ఖలాస్."

రమణ కళ్లు తుడుచుకొని బండి తీశాడు. నేను చేతులు కడుక్కొని, వరసలో ఉన్న తరవాతి కారు సీటు కిందికి దూరాను.

కరెంటు లేని స్పీకరు మోగదు. ఇన్నేళ్ల పనిలో నాకు తెలిసింది అదే. ఆ రోజు మోగింది.