తేనెపిట్ట ముక్కు

సుగ్రాకి ఆ పూట అన్నం సహించలేదు. ఏలూరులో ఆ వీధి మొత్తానికి మిగిలిన తివాచీ మగ్గం ఆమెదొక్కటే. ఇప్పుడు నేస్తున్న తివాచీ అడిగినవాళ్లకి నచ్చకపోతే మగ్గం విప్పేసి ఆ గదిలో ఫ్యాన్సీ షాపు పెడతానని కొడుకు షాహిద్ తేల్చి చెప్పేశాడు.

తణుకు నుంచి పెర్సిస్ అనే టీచరు తన బడి గోడకి తివాచీ అడిగింది. జీబ్రాల్లోకెల్లా పెద్దదైన గ్రేవీ జాతి జీబ్రా ఒకటి, దాని పక్కన కొమ్మ మీద తేనెపిట్ట. పెద్దది ఎంత పెద్దదో, చిన్నది ఎంత చిన్నదో పిల్లలు ఒక్క చూపులో పోల్చుకోవాలట. కొలతల్లో మాత్రం తేడా రాకూడదని మరీ మరీ చెప్పింది.

సుగ్రా భయమంతా జీబ్రా గురించే. పుట్టి బుద్ధెరిగాక దాన్ని చూసింది లేదు. పిట్ట సంగతి పట్టించుకోనే లేదు, పెరట్లో మందార మీద రోజూ గోల చేసేదే కదా! తీరా చూస్తే అంత పెద్ద జంతువూ బుద్ధిగా వచ్చేసింది. నలుపు, తెలుపు, మళ్లీ నలుపు. పొట్ట దగ్గర చారలు ఆపేస్తే సరి. ఏడిపించింది బొటనవేలంత పిట్ట. తివాచీలో బొమ్మంతా ఊలు ముళ్లతోనే కట్టాలి, ముడి కంటే సన్నమైనది ఏదీ రాదు, దీని ముక్కేమో ముడి కంటే సన్నం. ముక్కు కుదిరిందంటే పిట్ట కోడంత అయి కూర్చుంటుంది. కట్టింది, విప్పింది, మళ్లీ కట్టింది. పెరట్లోకి పరిగెత్తి చూద్దామంటే ఆ పిట్ట ఒక్క క్షణం నిలబడి చావదు.

చివరికి నేతగాళ్లెవరూ చెయ్యని పని చేసింది. సూది తీసి, నల్లదారంతో ముక్కు కుట్టేసింది. అప్పట్నుంచీ ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంది ఆమెకి.

పెర్సిస్ వచ్చి చూసి మురిసిపోయింది. “అబ్బ, ముక్కు ఎంత బాగా వచ్చిందండీ!”

షాహిద్ ముఖం వెలిగింది. సుగ్రా మాత్రం తల అడ్డంగా ఊపింది.

“అది ముడి కాదండి, కుట్టాను.”

“నాకు తెలీనే తెలీలేదండీ. పోనిద్దురూ.”

“నాకు తెలుసు కదండీ,” అంటూ సుగ్రా కత్తెర తీసి ఆ దారం కత్తిరించేసింది.

“అమ్మీ!” అని షాహిద్ నెత్తి కొట్టుకున్నాడు.

పెర్సిస్ వంగి ముక్కులేని పిట్టని చూసింది. “ముక్కేదని పిల్లలు అడిగితే ఏం చెప్పమంటారండీ?”

“జీబ్రా పక్కన కూర్చుంటే కనపడనంత సన్నమని చెప్పండి.”

పెర్సిస్ పకపకా నవ్వి, తివాచీ తానే చుట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, “ఈసారి ఏనుగూ చీమా నేసిపెడతారా అండీ?” అంది.

చీమా! “నేస్తానండీ,” అనైతే అనేసింది గానీ, చీమ కాళ్లు ఏ ముడిలో పడతాయోనని సుగ్రాకి అప్పుడే బెంగ పట్టుకుంది.