బూజక్క కాపాడిన సీసాలు

వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఆవిడను అందరూ బూజక్క అనేవారు. వేరుకుళ్ళు తెగులును తినేసే మేలురకం బూజులను సీసాల్లో పెంచడం ఆవిడ పని. మూడు నెలలకోసారి కొత్త సీసాల్లోకి మార్చకపోతే అవి చచ్చిపోతాయి.

ఒక ఏడు నిధులు ఆగిపోయాయి. "తెగులే లేనప్పుడు ఈ బూజెందుకమ్మా? పారబోసేయండి," అన్నాడు నిధులు మంజూరు చేసే అధికారి. ఈ పరిశోధన నడిపే ప్రొఫెసర్ వేరే ఉద్యోగం వెతుక్కున్నాడు. బూజక్కను ఫైళ్ళ గదికి మార్చారు. ఆవిడ మాత్రం భోజనం వేళ చెప్పాపెట్టకుండా వెళ్ళి సీసాలు మార్చి వచ్చేది.

"నన్నెప్పుడైనా ఇంత శ్రద్ధగా చూశావటే?" అని భర్త ఉడికించేవాడు.

"మీకు నోరుంది, అడుగుతారు. వాటికి లేదుగా!"

ఐదో ఏట తెగులు విరుచుకుపడింది. బంగాళాదుంప చేలు కుళ్ళిపోయాయి, చిప్స్ ఫ్యాక్టరీ మూతబడింది, నాలుగు వందల మంది వీధిన పడ్డారు. అప్పుడు బూజక్క సీసాలు బయటికి తీసింది. ఆ బూజును పెంచి చేలల్లో చల్లారు. మరుసటి పంట నిలబడింది, ఫ్యాక్టరీ తెరుచుకుంది.

"ఎంత కావాలో అడగండమ్మా, ఇస్తాం," అన్నాడు అదే అధికారి.

"ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వితే ఏం లాభమండీ? పంట బాగున్న ఏడు కూడా ఇవ్వండి, చాలు."

ఈసారి పదేళ్ళపాటు ఏటా ఇచ్చేలా నిధులు మంజూరయ్యాయి. ప్రొఫెసర్ తిరిగొచ్చిన రోజున బూజక్క ఫైళ్ళు అప్పగించి, తెల్లకోటు తొడుక్కుంది.