పనిష్మెంట్‌కి సొంతవాక్యం

నా చిన్నప్పుడు చిక్కడపల్లిలో మా మేడమీద గదిలో ఒక అక్క కిరాయికి ఉండేది. జగిత్యాల వైపు పల్లె నుంచి వచ్చి సర్కారు ఉద్యోగం పరీక్షలకు చదువుకునేది. అశోక్ నగర్‌లో కోచింగ్‌కి నడిచి వెళ్లి, నడిచి వచ్చి, సాయంత్రం పిట్టగోడ పక్కన కూర్చుని ఒక పొడవాటి నోట్‌బుక్ తెరిచేది. అందులో మూడు గళ్లు: ఇంగ్లీషు మాట, అర్థం, సొంతవాక్యం. పుస్తకంలోని వాక్యం ఎత్తి రాస్తే ఆ మాట వచ్చినట్టు కాదని అక్క పట్టుదల. మన బతుకులోంచి వాక్యం చెయ్యగలిగితేనే మాట మనదట. ఆమెది తెలుగు మీడియం. నేను నారాయణగూడలో ఇంగ్లీషు మీడియం, ఆరో తరగతి. కాబట్టి ఆమె సందేహాలు తీర్చే పండితుడి హోదా నాకు దక్కింది. దాన్ని నేను తక్కువగా చూసుకున్నది లేదు.

ఆ వారం మా లెక్కల మాస్టారి బొమ్మ బోర్డు మీద వేశాను. మీసాలు బాగా కుదిరాయి. మాస్టారు వస్తున్న అలికిడికి, నా బెంచీ స్నేహితుడు నన్ను కాపాడదామని పరుగెత్తి వెళ్లి చెరపబోయి, చేతినిండా సుద్దపొడితో దొరికిపోయాడు. శనివారం కబడ్డీ పోటీ. మాస్టారు వాణ్ణి జట్టులోంచి తీసేశారు. వాడు నా పేరు చెప్పలేదు. నేనూ నా పేరు చెప్పలేదు. ఆ విషయంలో ఇద్దరం ఒకే మాట మీద ఉన్నాం.

ఇంటికొచ్చి, స్నేహితుడికి శిక్ష పడిందని మాత్రం చెప్పి, సున్నుండలు వద్దన్నాను. ఆ వార్త మేడెక్కడానికి ఎంతోసేపు పట్టి ఉండదు. కాసేపటికే అక్క పిలిచింది.

"తమ్మీ, జర ఇటు రా. పనిష్మెంట్ అంటే ఏంది?"

"శిక్ష, అక్కా."

"సొంతవాక్యం చెప్పు."

నా స్నేహితుడికి పనిష్మెంట్ ఇచ్చారని ఇంగ్లీషులో ధాటిగా చెప్పాను. అక్క కలం కదల్లేదు.

"ఏం చేసిండు?"

"ఏమీ చెయ్యలేదు."

"ఏం చెయ్యనోనికి ఇస్తే అది పనిష్మెంట్ ఎట్లయితది? పరీక్షల గిట్ల రాస్తే నా నౌకరి పోతది."

"రాని నౌకరి ఎలా పోతుంది అక్కా?" అన్నాను, మాట మారుద్దామని.

"మాటలు మంచిగనే వస్తున్నయ్ గని, వాక్యం సరిచేస్కొని రా. అందాక ఈ గడి ఖాళీగ పెడ్త."

మరి తప్పు ఎవరు చేశారని మాత్రం అడగలేదు. ఆ అడగకపోవడమే నన్ను పట్టుకుని వదల్లేదు.

మర్నాడు స్టాఫ్ రూమ్‌కి వెళ్లి, ఆ మీసాలు నావేనని చెప్పాను. మాస్టారు తన అసలు మీసం ఒకసారి తడుముకుని, వాణ్ణి మళ్లీ జట్టులో వేశారు. నాకు నెల రోజులు బోర్డు తుడిచే పని పడింది. శనివారం వాడు ఆడాడు. మా బడి ఓడిపోయింది, అది వేరే సంగతి.

మేడెక్కి కొత్త వాక్యం అప్పజెప్పాను: బొమ్మ నేను వేశాను, పనిష్మెంట్ నాకు వచ్చింది. అక్క మెచ్చుకోలేదు. ఖాళీ గడిలో గుండ్రంగా రాసి, చూసుకోమని నోట్‌బుక్ నా చేతికిచ్చింది. పేజీలు తిప్పుతుంటే ఎక్కడో ముందు అదే మాట, అర్థం, తప్పులేని వాక్యం, ఎప్పుడో రాసి పెట్టినవి కనిపించాయి. తలెత్తి చూశాను.

"ఒక్క మాటకు రెండు వాక్యాలుండొద్దా?" అంది అక్క, ఒళ్లోని కోచింగ్ పుస్తకంలోంచి చూపు తిప్పకుండా.

పెద్దయి ఉద్యోగంలో చేరాక, ఆఫీసులో తప్పు చేసిన నా కిందివాళ్లకు మెమోలు రాసే పని నాకే పడింది. సంతకం పెట్టబోయే ప్రతిసారీ "ఏం చేసిండు?" అని మేడమీది నుంచి వినపడేది. చాలా మెమోలు నా సొరుగు దాటలేదు. నా ప్రమోషన్ కూడా బాగా ఆలస్యమైంది. అది అక్క వల్లేనని చెప్పుకోవచ్చు గానీ, వాక్యం తప్పవుతుంది.